దిగాల్నా, బావా

శేఖర్ ఫోన్ చేసినప్పుడు నేను హనుమకొండ కూరగాయల మార్కెట్ల బెండకాయలు ఏరుతాన. రిటైరైనోనికి ఇంట్ల ఇచ్చే డ్యూటీ అంతకంటే పెద్దది ఉండదు. "రేడియో కంబం కాడ పనిచేసిన యాకయ్య గారేనా?" అన్నడు. అవునన్న. ఆయన హైదరాబాద్ కాంట్రాక్టర్ కాడ సూపర్‌వైజరట. హసన్‌పర్తి అవతలున్న మా కంబాన్ని రేపు పొద్దుగాల కూలగొడుతరట. దాన్ని పట్టుకొని ఉన్న ఇనుప తాళ్లల్ల ఏది ముందు కోయాల్నో తెలిసిన మనిషి దొరుకుతలేడట. కాగితాలు చెదలు తిన్నయట.

తిననీ, నాకేంది అనుకున్న మనసుల. పైకి మాత్రం సాయంత్రం వస్తనని చెప్పి, బెండకాయలు అక్కడనే మరిచిపోయి ఇంటికొచ్చిన. మా ఆమె శకుంతల తిట్టిన తిట్టు తిట్టకుండ తిట్టింది.

ఆ కంబం సంగతి మీకు జర చెప్పాలె. చెప్పకపోతే తరువాతి ముచ్చట సమజ్ కాదు. మూడు వందల అడుగుల ఇనుము అది. నిలబెట్టినప్పుడు చుట్టుపక్కల ఊర్లోళ్లు ఎడ్లబండ్లు కట్టుకొని చూడొచ్చిండ్రట. వార్తలు, పాటలు, పొలం ముచ్చట్లు అన్నీ అక్కడికెల్లే మరిపెడ దాక పోయేటివి. ఇప్పటి సెల్ టవర్ల తీరు వేరు, దీని తీరు వేరు. దీని మీద ఏదో బిగిస్తే అది పలుకుడు కాదు, కంబమే పలుకుతది. కంబం మొత్తానికి కరెంటు ఎక్కుతది. అందుకే దాన్ని భూమికి తాకనియ్యకుండ పింగాణి దిమ్మె మీద నిలబెట్టిండ్రు. కరెంటున్నప్పుడు కూడ కంబం మీదున్నోనికి ఏం కాదు, తీగ మీద పిట్టకు ఎట్ల ఏం కాదో అట్ల. చెయ్యి కంబం మీద ఉండంగ కాలు భూమికి తాకిందా, మనిషి మిగలడు.

నేను ఆడ ముప్పై రెండేండ్లు హెల్పర్ పని చేసిన. పేరుకే హెల్పర్, అసలు పని గడ్డి కోసుడు. నవ్వకుండ్రి. వానకాలంల తడి గడ్డిపోచ లేచి కంబానికి తాకితే చిటచిట కాలుకుంట మాట్లాడేది. వార్తలొస్తే వార్తలు, పాటొస్తే పాట. కొత్తగ వచ్చినోళ్లు ఆ గొంతు విని ఉరికేటోళ్లు. గడ్డి మాట్లాడుతాందంటే ఎవ్వలు నమ్ముతరు? అందుకే బయట ఎవ్వలకూ చెప్పకపోయేది.

కంబమెక్కి రంగేసుడు, ఎర్రదీపాలు మార్చుడు గట్టయ్య పని. గట్టయ్య నా చెల్లె కళావతి పెనిమిటి. ఉద్యోగం పెట్టిచ్చింది నేను, పిల్లనిచ్చింది నేను. మస్తు ధైర్యం మనిషి. మీదికెల్లి "బావా, మీ ఇంట్ల ఏం కూరనో కనపడుతాంది" అని ఒర్రేటోడు.

మనిషి కంబమెక్కితే బుక్కుల సంతకం పెట్టాలె, కరెంటు గది తాళంచెవి జేబుల ఏసుకొని ఎక్కాలె. అది కాగితం మీది రూలు. మా కాడ నడిచింది చెప్పుల పద్ధతి. ఎక్కేటోడు కంచె గేటు ముంగట చెప్పులు ఇడిచిపోతడు. కరెంటిచ్చే గది కిటికీలకెల్లి ఆ గేటు కనపడ్తది. చెప్పులుంటే మీద మనిషున్నడు, లేకపోతే లేడు. ఇంకొకటి, కింద ఒక మనిషి కదలకుండ ఉండాలె. దిగేటోడు ఆఖరి మెట్టు కాడ ఆగి "దిగాల్నా?" అని అడుగుతడు. కిందోడు "దిగు" అంటెనే భూమ్మీద కాలు పెడ్తడు. ఇరవై ఏండ్లు అట్లనే నడిచింది, ఎవ్వలకూ ఏం కాలే.

ఇరవై ఆరేండ్ల కింద, శ్రావణ మాసంల, సాయంత్రం ప్రసారం మొదలుకాకముందు దీపం మార్చనీకి గట్టయ్య ఎక్కిండు. కిందోన్ని నేను. వాన మొదలైంది. గేటు కాడున్నయి కొత్త తోలు చెప్పులు. వారం కిందనే కళావతి బత్తల బజార్ల బేరం చేసి కొనిచ్చింది. నా చెల్లె కొన్నయి గదా, తడిస్తే ఖరాబైతయని తీసి వరండాల పెట్టిన. నా చేతులతోని తీసిన. వాడు దిగనీకి ఇంకా చానసేపు పడుతది గదా అని రోడ్డు మీది హోటల్‌కు చాయ తాగపోయిన.

డ్యూటీల ఉన్న సారు కిటికీలకెల్లి చూసిండు. చెప్పులు లేవు. టైముకు కరెంటిచ్చిండు. హోటల్ల రేడియో మొదలైంది. ఒక ఆడమనిషి పత్తికి పచ్చదోమ ముచ్చట చెప్తాంది. ఏ మందు కొట్టాల్నో చెప్పింది, ఎంత కలపాల్నో చెప్పింది, సాయంత్రం పూట కొట్టుమన్నది. అప్పుడు రేడియోల టక్కుమని ఒక్క సప్పుడు. మల్ల ముచ్చట నడిచింది. నేను రెండో చాయ చెప్పిన.

గట్టయ్య ఆఖరి మెట్టు కాడ వానల ఎంతసేపు అడిగిండో నాకు తెల్వదు. జవాబు చెప్పాల్సినోడు ఆడ లేడు.

చెప్పులు వరండాల దొరికినయి. పెద్దసార్లు వచ్చి, మనిషి సోయి లేక చెప్పులు వరండాలనే ఇడిచి ఎక్కిండు, తప్పు ఆయనదే అని రాసుకున్నరు. నువ్వెక్కడ పోయినవని నన్నడిగితే మూత్రానికి పోయిన్నన్న. చెప్పుల సంగతి నోరిప్పలే. ఆ దినం చెప్పలే, దినాలనాడు చెప్పలే. తరువాత చెప్పేతందుకు మొకం లేకుండ పోయింది.

కళావతి ఇంట్ల పెనిమిటి ఫొటో పెట్టలే. చిన్న కిరాణం పెట్టుకొని బిడ్డ రమను సాదింది, పెండ్లి చేసింది. బిడ్డ నాయిన గురించి అడిగినప్పుడల్లా ఒక్కటే మాట. "మీ నాయిన చెప్పులు ఎక్కడ ఇడువాల్నో కూడ సోయి లేనోడు. జర సోయి ఉంటే మనకీ గతి పట్టకపోవు." నేను పక్కనే కూసొని, ఆమె పోసిన చాయ తాగుకుంట, ఆ మాట ఇనేటోన్ని. ఒక్కసారి కాదు, ఇరవై ఆరేండ్లు. చచ్చిన మనిషిని నా చెల్లెతోని తిట్టిచ్చిన. దానికంటే పాపం ఏముంటది?

కంబం కూలగొడుతాన్రని నేనే చెప్పిన ఆమెకు. చెప్పకుంటె ఐపోవు. "నేనూ వస్త అన్నా. అది పడేముందు దాని మొకాన నాలుగు తిట్లు తిట్టి వస్త" అన్నది. అప్పుడే అనుకున్న, ఇయ్యాల చెప్పాలె. కంబం ఉండంగనే, ఆ జాగలనే చెప్పాలె. చెప్తే చెల్లె దక్కదు, అది నాకెరుకే. ఆటోల పోతాన్నంతసేపు మొదటి మాట ఏమనాల్నో మనసుల కట్టుకుంటనే ఉన్న.

మేం పొయ్యేసరికి ఆరైంది. శేఖర్ మంచిగనే మాట్లాడిండు, చాయ ఇప్పిచ్చిండు. నేను తాళ్లు కట్టిన దిమ్మెల మీద రంగుతోని ఒకటి, రెండు, మూడు అని రాసిచ్చిన. "కరెంటు గిట్ల ఏమన్న ఉన్నదా ఇంకా?" అనడిగిన. "ఏడ కరెంటు పెద్దమనిషీ, ట్రాన్స్‌ఫార్మర్ పీకి మూడేండ్లాయె. మేం సెల్లులు హోటల్ల చార్జింగ్ పెట్టుకొచ్చుకుంటానం" అని నవ్విండు. నవ్వుకుంట కూలోళ్లు వంట చేసే డేరా దిక్కు పోయిండు.

పొద్దుమూకింది. వాన నిలిచినా తుంపర పడుతనే ఉన్నది. కోసేటోడు లేక కంచె లోపట గడ్డి నడుము దాక పెరిగింది. తడి మట్టి వాసన, తుప్పు వాసన. చెరువు దిక్కుకెల్లి ఒకటే కప్పల మోత. కళావతి గేటు కాడ నిలబడి తల ఎత్తి చూస్తాంది. తిడుతదనుకున్న, తిట్టలే.

"ఇంత ఎత్తా అన్నా? నాకెన్నడు చెప్పలే ఆయన. గుట్టంత ఉంటదనేటోడు. నేను పరాచికాలనుకున్న."

"కళా," అన్న. "నీకొకటి చెప్పాలె."

అప్పుడు కప్పలు బందైనయి. అన్నీ ఒక్కసారే.

ముందు వాసన వచ్చింది. పచ్చగడ్డి కాలిన వాసన. దాని ఎనుక ఇంకో వాసన... ఆ దినం వాన వెలిసినంక మేం ఆయన్ని ఎత్తినప్పుడు వచ్చిన వాసన.

చిట... చిట...

కంబం మొదట్ల, తడి పోచలు ఇనుముకు తాకినకాడ, నీలంగ సన్న మెరుపులు. ఒకటి ఆరితే ఇంకొకటి.

"ఏందన్నా అది?"

"ఏం లేదు. పా, పోదాం."

చిటచిటచిట... గడ్డిలకెల్లి ఒక ఆడమనిషి గొంతు లేచింది. సన్నగ, కాలుకుంట.

"...పత్తి చేలల్లో పచ్చదోమ కనిపిస్తే రైతు సోదరులు ఆలస్యం చేయకుండా..."

ఆ ముచ్చట నాకు మొత్తం కంఠతా వస్తది. ఇరవై ఆరేండ్లు నిద్రల ఇన్నది. ముందు మందు పేరు. తరువాత ఎంత కలపాల్నో. ఆఖరికి, సాయంత్రం పూట. ఆ మాట కాడ టక్కుమంటది. అంతే ఉన్నది ఇంక టైము.

ఆ గొంతు కిందికెల్లి ఇంకో గొంతు వచ్చింది. మొగమనిషిది. గుసగుస.

"బావా..."

కళావతి నా చెయ్యి పట్టుకున్నది. ఆమె గోర్లు నా చర్మంల దిగినయి.

"బావా... దిగాల్నా?"

"ఆయనే," అన్నది నా చెల్లె. "అన్నా... ఆయనే."

గడ్డిల ఆడమనిషి మందు పేరు చెప్పింది. మెరుపులు కంబం చుట్టూ పాకినయి.

"బావా... ఉన్నవా? దిగాల్నా?"

కళావతి నా దిక్కు తిరిగింది. చీకట్ల ఆమె మొకం సక్కగ కనపడలే. గొంతు మాత్రం చాన మెల్లగున్నది.

"నిన్నెందుకు అడుగుతాండు?"

"కింద... కింద నేను ఉండాలె అప్పుడు."

"మూత్రానికి పోయిన అంటివి. ఇంతసేపు అడుగుతాండు. ఎంత దూరం పోయినవు?"

"చాయకు పోయిన." ఆ మాట దాటినంక ఇంకో మాట ఆపుడు నా వల్ల కాలే. "చెప్పులు నేనే తీసిన, కళా. నువ్వు కొనిచ్చినయని... కొత్తయని. వానల తడుస్తయని వరండాల పెట్టిన."

ఆమె ఏడ్వలే. నన్ను కొట్టలే. కొడితే బాగుండు.

"ఆయన గేటు కాడనే ఇడిచిండా?"

"ఇడిచిండు."

"మరువలే?"

"మరువలే, బిడ్డా."

"...పది లీటర్ల నీటిలో కలిపి..." అంటాంది గడ్డి.

"బావా... చేతులు జారుతానయి..."

ఒక్క మాట చెప్పాలె నేను. దిగకు, అనాలె. ఇరవై ఆరేండ్ల కింద చెప్పాల్సిన ఒక్క మాట. నోరు తెరిచిన. గాలి తప్ప ఏం రాలే. కళావతి నా చెయ్యి ఇడిచింది. గేటు తీసింది. నడుము దాక ఉన్న ఆ తడి గడ్డిల నడుచుకుంట పోయింది. కొంగు పట్టుకోబోయిన, అందలే. కంబానికి చెయ్యెడు దూరంల ఆగింది. ఆమె చీర కుచ్చిళ్ల పక్కన గడ్డి నీలంగ కాలుతాంది. మొకం మీదికెత్తింది.

"దిగకు," అన్నది. "కరెంటున్నది. జర గట్టిగ పట్టుకో... దిగకు."

గడ్డి చిటచిటమన్నది.

"నేనే, కళావతిని. నిన్ను చాన తిట్టిన. బిడ్డ ముంగట తిట్టిన. నాకు తెల్వదు... నాకెవ్వలు చెప్పలే." ఆమె గొంతు అప్పుడు పగిలింది. "దిగకు. దిగుమనేదాక దిగకు."

"...సాయంత్రం పూట..."

నేను కండ్లు మూసుకున్న.

టక్కుమనలే.

గడ్డి ఆరిపోయింది. కప్పలు మల్ల మొదలువెట్టినయి. నేను కండ్లు తెరిచేసరికి మీద సప్పుడు. ఇనుప మెట్ల మీద కాళ్ల సప్పుడు. ఠంగ్... ఠంగ్... దిగుతలేడు. ఎక్కుతాండు. ఒక్కొక్క మెట్టు, మీదికి, ఇంకా మీదికి. మబ్బులల్లకు పోయేదాక ఇనపడ్డది.

శేఖర్ టార్చి పట్టుకొని ఉరికొచ్చిండు. "ఎవడెక్కిండు? మావోడేనా?" అని కూలోళ్లను పేరుపేరున పిలిచిండు. అందరు డేరాలనే ఉన్నరు. టార్చి మీదికి కొట్టిండు. ఎవ్వలు లేరు. ఆయన ఇగ నవ్వలే.

కళావతి ఆ రాత్రి ఆడికెల్లి కదలలే. పొద్దుగాల శేఖర్ చేతులు పట్టుకొని బతిలాడింది. "మీద మనిషున్నడు సారూ. నేనే దిగకుమన్న. జర ఆగుండ్రి, రెండు దినాలు ఆగుండ్రి." శేఖర్ ఆమెకు నీళ్లిచ్చిండు, కుర్చేసిండు. మీద ఎవ్వలు లేరమ్మా అని పదిసార్లు చెప్పిండు. తొమ్మిదింటికి తాళ్లు కోసిండ్రు. నేను రంగుతోని రాసిన వరసలనే కోసిండ్రు. కంబం ఒక్కపారే ఒరగలే. జరసేపు ఆగింది. ఎవ్వలో పట్టుకున్నట్టు ఆగి, అప్పుడు పడ్డది.

ఆటోల తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఒక్క మాటన్నది. "నా మాట ఇని ఆగిండు. ఇప్పుడు దేని మీదున్నడన్నా?" ఆ తరువాత నాతోని మాట్లాడలే. ఫోనెత్తలే. నేను దుకాణానికి పోతే లోపటికి పోయింది. సరే, నాకు దక్కాల్సింది దక్కింది అనుకున్న. ఆమె ఇంట్ల గట్టయ్య ఫొటో పెట్టిందని, దండేసిందని రమ చెప్పింది. ఆ మాట ఇని నేను మా ఇంటెనుక దొడ్లకు పోయి ఏడ్చిన.

నెలన్నర అయినంక రమ మల్ల ఫోన్ చేసింది. "మామా, అమ్మ రోజు సాయంత్రం ఆడికే పోతాంది. వానలు గిట్ల కొడుతానయి. ఎంత చెప్పినా ఇంటలేదు. జర నువ్వన్న చూడు."

పోయిన. గొడుగు కూడ మరిచిపోయి పోయిన. దారిల వాన చినుకు పడలే గాని, ఆడికి పోయేసరికి కుండపోత. కంబం లేని ఆ జాగ చూస్తే పన్ను ఊడిన నోరు యాదికొచ్చింది. నడుమల పింగాణి దిమ్మె ఉన్న సిమెంటు గద్దె ఒక్కటే మిగిలింది. దాని మీద కళావతి కూసున్నది. గొడుగు లేదు. అయినా తడుస్తలేదు.

దగ్గరికి పోయి చూసిన. చుట్టూ నీళ్లు గుంటలు కడుతానయి. గద్దె మీద మాత్రం, పైన ఎవ్వలో అడ్డమున్నట్టు, ఒక మనిషి పట్టేంత జాగల, ఒక్క చినుకు పడుతలేదు. సిమెంటు పొడిగ, తెల్లగ ఉన్నది. మీదికి చూసిన. మబ్బు. ఉత్త మబ్బు.

"నేను దిగుమంటే దిగుతలేడు," అన్నది కళావతి. నెలన్నరకు ఇన్న గొంతు. కోపం లేదు అండ్ల. అదే నాకు బుగులు పుట్టిచ్చింది. "రోజు చెప్తాన. దిగుతలేడు. కిందోనివి నువ్వు గదా అన్నా. నిన్నే అడిగిండు. నువ్వే చెప్పాలె."

"కళా... పోదాం పా, బిడ్డా."

"ఇప్పుడు కరెంటు లేదు గదా. ఇంక భయమేంది? ఒక్క మాటనే. చెప్పు."

నా చెల్లె నన్ను అడిగింది ఒక్కటే, జన్మల. ఆ మాట అంటె ఆమెకు నిమ్మళమైతది. ఆయనకూ నిమ్మళమైతది కావచ్చు. నోరు తెరిచి మీదికి చూసిన. గట్టయ్యను ఎత్తినప్పుడు చూసిన ఆ మొకం, ఆ చెయ్యి యాదికొచ్చినయి. నేను దిగుమంటే ఏది దిగుతది? ఏ ఒంటితోని దిగుతది? ఆ బుగులు ముంగట నా పాపం చిన్నగైపోయింది. సిగ్గులేని మనిషిని. మల్ల పారిపోయిన.

ఆమె ఎనుకకెల్లి పిలువలే.

ఆటోలు లేవు. ఆ కుండపోతల గంటన్నర నడిచిన, ఎక్కడ ఆగలే, ఏ చెట్టుకిందికి పోలే. ఇంటికొచ్చేసరికి శకుంతల తువ్వాల పట్టుకొని ఎదురొచ్చింది. నా తల తుడువబోయి ఆగింది. అంగీ పట్టి చూసింది. నా ఎంటుకలల్ల చెయ్యి పెట్టింది.

"గొడుగు ఇంట్లనే ఉండే గదా," అన్నది. "ఇంత వానల ఒక్క చినుకు పడలే నీ మీద. ఎట్ల?"

ఆమె వాకిట్లకు పోయి మీదికి చూసింది. నేను చూడలే.